రెంటచింతల ఎండలో నత్రజని టైరు

మోటారుసైకిలు మీద పల్నాడు చూడబోతున్నాం, టైర్లలో నత్రజని నింపించుకుంటే లాభమేనా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. రిటైరైన సైన్సు టీచర్ని కదా, చెబుతాననుకుంటారు. చెబుతాను, పుస్తకంలోది మాత్రం కాదు. పెట్రోలు బంకుల్లో ఆ మాటే వినపడని ఎనభైల్లో, నత్రజని నింపిన టైర్ల మీద నరసరావుపేట నుంచి మాచర్లకి వెళ్లిన మనిషిని నేను!

ఆ జూన్ నెలలో నాకు టీచరు ఉద్యోగం ఉత్తర్వు వచ్చింది. మాచర్ల హైస్కూల్లో చేరాలి. ఆ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, నా చేతికొచ్చేసరికి పొద్దున పదకొండు. చేరడానికి గడువు అదే రోజు సాయంత్రం ఐదు. దాటితే ఆ ఉద్యోగం జాబితాలో నా తర్వాతి వాళ్లకి పోతుంది. మూడేళ్లు కళ్లు కాయలు కాచేలా చూసిన ఉద్యోగం. పైగా ఆ రోజు బస్సుల సమ్మె. ఇక మిగిలింది మా ఆయన సెకండ్‌హ్యాండు బండే.

మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు చూసేవాడు. విమానం టైర్లలో నత్రజని నింపుతారని ఎక్కడో చదివాడట. అంతే, పైపుల లీకులు పరీక్షించడానికి ఫ్యాక్టరీలో ఉంచిన సిలిండరుతో వారం కిందటే రెండు టైర్లూ నింపుకొచ్చాడు. ఎప్పుడూ సీటు కింద ఉండే చేతిపంపు ఆ రోజు కనపడలేదు. "పంపు ఏదండీ?" అన్నాను.

"అటకెక్కించా. నత్రజని కొట్టాక పంపుతో పనేందే?" అన్నాడు, విమానం నడిపేవాడిలా ఛాతీ విరుచుకుని. వాదించే టైము లేక సర్టిఫికెట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని ఎక్కేశాను.

పదకొండున్నరకి బయల్దేరాం. దారి నకరికల్లు, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల. వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. అప్పటి రోడ్డు మీద నాలుగు గంటలు వేసుకోవాలి, ఇప్పుడైతే సగం చాలు. పిడుగురాళ్లలో యాభై రూపాయల పెట్రోలు పోయించాం. సున్నం బట్టీల దుమ్ముకి ఇద్దరం తెల్లగా తయారయ్యాం. గురజాలలో చెరో గోలీసోడా తాగేసరికి రెండు. ఇంకా మూడు గంటలుంది, అందుకుంటాం అనుకున్నాను.

గురజాల దాటి కొంతదూరం పోయాక బండి వెనక ఊగడం మొదలైంది. చెప్తే, "నువ్వే బరువెక్కావేమోలే! నత్రజని దిగదే!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండి బండి ఆపించాను. బొటనవేలితో నొక్కితే వెనక టైరు మెత్తగా లోపలికి పోయింది. టైరు రబ్బరులో మేకు మెరుస్తోంది. చుట్టూ మనిషన్నవాడు లేడు. రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పాలా? రెండు కిలోమీటర్లు ఆయన బండి తోశాడు, నేను వెనక నుంచి నెట్టాను. చెప్పుల్లోంచి సెగ పాదాలకి తగులుతోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. అయినా నెట్టడం ఆపలేదు.

ఊరి మొదట్లో తాటాకు పందిరి కింద సైకిలు షాపు కనపడింది. షాపు పెద్దాయన పేరు మస్తాను. "ఏందమ్మా ఇది, ఈ ఎండలో బండి తోసుకొస్తన్నారు?" అంటూ ముందు కుండలో నీళ్లిచ్చాడు. మేకు పీకి చూసి, "ఎద్దు నాడా మేకు. లోపల ఏ గాలుంటే దీనికేంది?" అన్నాడు. పంక్చరు అతికేసరికి మూడూ నలభై. పంపు తగిలించబోతుంటే మా ఆయన అడ్డుపడ్డాడు.

"ఆగు మామా! ముందు టైరులో నత్రజని ఉంది. దీంట్లో మామూలు గాలి కొడితే బండి నిలవదేమో. విమానాల్లో అయితే..."

"విమానం పోయే దారిలో ఎద్దులు తిరగవులే సారూ," అన్నాడు మస్తాను.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఏవండీ, మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే! అడ్డు లేవండి!" అని కొంగు దోపుకుని పంపు లాక్కున్నాను. నూటయాభై దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత లెక్క తప్పింది. మస్తాను టైరు మీద గుద్ది చూసి, "చాలమ్మా, చానా గట్టిగుంది," అన్నాడు. మూడు రూపాయలు తీసుకున్నాడు.

అక్కణ్ణుంచి మాచర్ల దాకా బండి ఎక్కడా ఊగలేదు. స్కూల్లో అడుగుపెట్టేసరికి ఐదుకి ఇరవై నిమిషాలు తక్కువ. అభ్యర్థిని చేరలేదని హెడ్‌మాస్టరుగారు అప్పుడే కాగితం రాస్తున్నారు. నన్ను చూసి దాన్ని నిలువునా చింపేసి రిజిస్టరు నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. పక్కనే నా బొటనవేలి నల్లటి మరక కూడా పడింది. గెలిచాను! అక్కడే గట్టిగా అరవాలనిపించింది.

ఇన్నేళ్ల తర్వాత నా తీర్పు ఇదీ. నత్రజని చెడ్డదేమీ కాదు, కాస్త నిదానంగా దిగుతుంది. ఊరికే నింపుతామంటే నింపించుకోండి, మోటారుసైకిలుకి దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు. దారిలో తగ్గితే మామూలు గాలి కలపండి, ఏమీ కాదు. ఒక్క పని మాత్రం మానొద్దు. పొద్దున బయల్దేరేముందు, టైర్లు చల్లగా ఉండగానే గేజితో గాలి చూసుకుని, చేతిపంపు సంచీలో పెట్టుకోండి. ఆ సాయంత్రం మాచర్ల నుంచి తిరిగి బయల్దేరేముందు మా ఆయన బండి దగ్గర వంగి, రెండు టైర్లూ నొక్కి చూశాడు. పెళ్లయినప్పటి నుంచీ 'ఏమే' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి లేచి నిలబడి, "మీరూ ఒకసారి చూడండి టీచరుగారూ, గాలి సరిపోయిందా?" అన్నాడు.




నొక్కి చూశాను. "సరిపోయింది, పోనివ్వండి," అన్నాను.