గేటు బయటి నుంచి ఒక మెయిల్

మా వదిన ఒక పిల్లల క్రెష్‌లో కంప్యూటర్లు చూసుకుంటుంది. కుర్చీకి చక్రాలున్నాయి కదా అని, లేవకుండానే గదంతా చుట్టి వస్తుంది. ప్రింటర్ మొరాయిస్తే, "ఏమ్మా, అలిగావా?" అని బుజ్జగిస్తుంది. పోయిన నెలలో క్రెష్ మెయిళ్లన్నిటినీ కొత్త సర్వర్‌కి మార్చి, పాత ఉత్తరం ఒక్కటి కూడా పోలేదని ఇంట్లో తెగ కాలర్ ఎగరేసింది.

అలా మార్చిన వారమే మా పాపను అక్కడ చేర్చాం. దానికి గుడ్డు పడదు. తింటే మొహం వాచిపోతుంది. ఇలాంటివి రాయడానికి క్రెష్‌లో ‘వంటగది’ అని ఒక అలియాస్ ఉంది. ఆ ఒక్క చిరునామాకి రాస్తే వంటావిడకీ, ఆవిడ సహాయకులకీ ఒకేసారి అందుతుంది. నేను పాపను చేర్చే ముందురోజే రాశాను. జవాబు లేదు. పొద్దున పాపను దింపి, గేటు దాటగానే వదినకు ఫోన్ చేశాను.

తను నవ్వేసింది. తన సీట్లోంచి పరీక్షగా పంపినవన్నీ క్షణంలో చేరాయట, నాకు కంగారు పుట్టుకతోనే వచ్చిందట. బతిమాలితే వంటగదికి వెళ్లింది. తిరిగొచ్చాక గొంతులో ఆ నవ్వు లేదు.

"మన పాప సంగతి చెప్పేశాలే. కానీ ఈ వారం తల్లిదండ్రుల మెయిల్ ఒక్కటీ రాలేదట మరిదీ. ప్రాణం హాయిగా ఉందంటోంది ఆవిడ."

"నువ్వు లోపల కూర్చుని పంపావు కదా వదినా. మేమంతా బయటివాళ్లం."

వదిన కీబోర్డు మీద టకటకా కొట్టి చూసింది. కొత్త సర్వర్‌లో అలియాస్‌కి లోపలివాళ్లే, అంటే క్రెష్ చిరునామా ఉన్నవాళ్లే రాయాలన్న అడ్డు ముందే పెట్టి ఉందట. దాన్ని తీసేసి, మళ్లీ పంపమంది. ఈసారి చేరింది.

వెనక్కి కొట్టిన మెయిళ్లకు ‘చేరలేదు’ అని జవాబు వెళ్తుందని కూడా చెప్పింది. చూస్తే నాకొచ్చిన ఆ జవాబు స్పామ్‌లో పడి ఉంది. జ్వరం లేకపోయినా పాపకు థర్మామీటర్ పెట్టే నేను, స్పామ్ మాత్రం తెరవలేదు.

"మిగతావాళ్లు చూసుకున్నారో లేదో. ఇవాళ గుడ్లు ఆపించేస్తాను," అంది వదిన.

ఆ పూట పిల్లలందరికీ బంగాళాదుంపలే. వంటావిడ సణుగుడు నాకు ఫోన్లోనే వినబడింది. సాయంత్రం వదిన గేటు దగ్గర నిలబడి, పిల్లల కోసం వచ్చిన ప్రతివాళ్ల చేతా మళ్లీ మెయిల్ పంపించింది. వాళ్లలో ఇద్దరి పిల్లలకు పాలు పడవట.

ఇప్పుడు సర్వర్‌లో ఏది మార్చినా నాకే ఫోన్. "మరిదీ, కాస్త బయటికెళ్లి ఒకటి పంపు." నా చిరునామా ఎక్కడున్నా బయటిదే అంటే నవ్వి, గేటు బయటే నిలబడమంటుంది.

వానలో కూడా.