మాసిన దుప్పట్ల గది

మా వదినకి కోపమే రాదని ఆసుపత్రిలో అందరూ అనుకునేవారు. అది ఉత్తమాట. పందొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలియదా! కోపం వస్తే ఆవిడ నోరు మూసుకుంటుంది, ఆవిడ తరఫున గిన్నెలు మాట్లాడతాయి.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోతే మా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరం ఒకే ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్లం. నేను కుట్టు మిషన్ ముందు కూర్చుని చిరిగిన దుప్పట్లకు అతుకులు వేసేదాన్ని. ఆవిడది ఇస్త్రీ. పొద్దున్నే మా ఏసుప్రభువు గుడికెళ్లి దివ్యపూజ చూసుకుని అటునుంచి అటే పనిలోకి వచ్చేది. ఆవిడ మడిచిన దుప్పటి అంచుకు అంచు అతికినట్టుండేది. “రోగి పడుకునే పక్క కదా, ముడత ఉంటే వీపుకి గుచ్చుకుంటుంది” అనేది.

ఒక చలికాలం ముందు నలభై ఉన్ని కంబళ్లు ఉతుక్కి వచ్చాయి. ఆ రోజు ఉతికే మనిషి రాకపోతే వదినే వాటిని మిషన్‌లో వేసింది. ఉన్నికి చన్నీళ్లే పెట్టాలి. సూపర్‌వైజరమ్మ హడావుడిగా వచ్చి, “ఇలా అయితే సాయంత్రందాకా తెమలదు” అంటూ వేడినీళ్ల మీట తిప్పి వెళ్లిపోయింది. వదిన గమనించేసరికే ఆలస్యమైపోయింది. బయటికి తీస్తే ఒక్కో కంబళి చంటిపిల్లలు కప్పుకునేంత అయింది.

ఆఫీసరుగారు కిందికి దిగివచ్చి ఎవరి నిర్వాకమని అడిగారు. సూపర్‌వైజరమ్మ కన్నార్పకుండా మా వదిన వైపు వేలు చూపించింది.

“మీట నేను తిప్పలేదండీ, ఆవిడే తిప్పారు” అంది వదిన.

“నీ తప్పు పెద్దవాళ్ల మీదకి తోస్తున్నావా?” అని ఆయన మండిపడ్డారు.

మర్నాడు వదినని ఇస్త్రీ నుంచి తీసి మాసిన దుప్పట్ల గదిలో వేశారు. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి, వేటికవి విడదీసే పని. రక్తం, చీము, ఇంకా చెప్పకూడనివి. ఆ గదిలో ఎవరూ నెల తిరిగేదాకా ఉండలేరు. నాకు ఒళ్లు మండిపోయింది.

“పైవాళ్లకి అర్జీ పెట్టు వదినా. నోరుండి మూగదానివైపోతే ఎలా?”

“చెప్పాల్సింది చెప్పాను కదా. నిజం ఒకసారి చెప్తే చాలు. పదిసార్లు చెప్తే అబద్ధంలా వినపడుతుంది.”

మాట నెమ్మదిగానే ఉంది కానీ ఆ వారమంతా మా వంటింట్లో గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. శనివారం గుడికెళ్లి, ఫాదర్‌గారి దగ్గర తన తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి వచ్చింది. వచ్చి నా పక్కన కూలబడింది.

“ఆ సూపర్‌వైజరమ్మంటే అసహ్యం పుడుతోందని చెప్పేశాను. రోజూ ఆవిడ కోసం ఒక పరలోకజపం చెప్పమన్నారు ఫాదర్‌గారు.”

“చెప్తావా?”

“దార్లోనే మొదలుపెట్టాను. ‘మేము మన్నించినట్టే మమ్మల్ని మన్నించు’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. రెండోసారి ఎలాగో దాటి, ‘ప్రభువా, ఆవిడకి మేలు చెయ్యి’ అన్నాను. అని ఊరుకున్నానా, ‘కాస్తే’ అని కలిపాను.”

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కానీ ఆవిడ ఆ జపం ఒక్కరోజూ మానలేదు.

ఆ గదిలో వదిన పనిచేసే తీరు చూడాల్సిందే. ప్రతి మూట ముందూ సిలువ గుర్తు వేసుకునేది. ఆ పక్కమీద పడుకున్నది ఎవరైనా సరే, వాళ్ల కోసం ఒక మాట అనుకుని విప్పేది. దుప్పట్లలో కట్టుడుపళ్లు దొరికేవి. అదివరకు వాటిని ఒక డబ్బాలో పడేసేవారు. వదిన మాత్రం వాటిని కడిగి, మూట మీద వార్డు నంబరు చూసి, మూడంతస్తులు ఎక్కి ఇచ్చి వచ్చేది. “తర్వాత పంపకూడదా?” అని నేను కసిరితే, “భోజనాల వేళవుతోందే, ముసలాయన ఏం పెట్టి నములుతాడు?” అనేది. నాకు నవ్వొచ్చేది. ఆ వెంటనే సిగ్గేసేది. కుట్టుకి వచ్చిన దుప్పట్లలో దొరికితే అదే డబ్బాలో నేనూ పడేసినదాన్నే మరి.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు సూపర్‌వైజరమ్మ తడినేల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మా ఆసుపత్రిలోనే చేర్చారు. ఆవిడకి నా అన్నవాళ్లు లేరు. పైగా నోటి దురుసు. రెండ్రోజుల్లో ఆయాలందరినీ తిట్టిపోసింది. పిలిస్తే పలికేవాళ్లు లేకుండా పోయారు.

మూడోరోజు మధ్యాహ్నం వదిన ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, దువ్వెన తీసుకుని బయల్దేరింది. తువ్వాలు పట్టుకుని నేనూ వెళ్లాను. సాయానికి కాదు, ఏం జరుగుతుందో చూద్దామని.

సూపర్‌వైజరమ్మ మొహం గోడకి తిప్పుకుంది. “నవ్వుకోడానికి వచ్చావా?”

“తల అట్టకట్టిందమ్మా. కడిగి పోతాను.”

ఆవిడ మొహం ఇటు తిప్పకుండానే తల కాస్త పైకెత్తింది. వదిన ఆవిడ మెడకింద చెయ్యి పెట్టి, ఒక్క చుక్క పక్కమీద పడకుండా తల కడిగింది. చిక్కులు కొసల నుంచి పైకి విడదీస్తూ వచ్చింది.

“నీ చేతులేంటి ఇంత గరుకు?” అని విసుక్కుంది సూపర్‌వైజరమ్మ.

ఆ మాటకి నేను తువ్వాలు విసిరికొట్టబోయాను. ఏడాదిన్నరగా మరకలు వదిలించే చాకలిసోడా నీళ్లలో నానిన చేతులు మరి, అక్కడ వేసింది ఎవరు? వదిన మాత్రం, “కొబ్బరినూనె రాసుకుని వస్తాన్లెండి రేపు” అంది. నిజంగానే రాసుకుని వెళ్లింది. మర్నాడూ, ఆ మర్నాడూ, ఇరవై రోజులు.

సూపర్‌వైజరమ్మ క్షమించమని అడగనేలేదు. కానీ నాలుగో నెలలో చేతికర్రతో పనిలోకి వచ్చిన రోజునే నేరుగా ఆఫీసరుగారి గదికి వెళ్లి, ఆ మీట తిప్పింది తనేనని చెప్పిందట. ఆయన వదినని పిలిపించి, మళ్లీ ఇస్త్రీకి రమ్మన్నారు.

“ఆ గదిలో నాతోపాటు పనిచేసే ఆవిడకి నడుం పోయిందండి. ముందు ఆవిడని మార్చండి. నేను తర్వాత వస్తాను” అంది వదిన.

ఇంటికొచ్చాక నేను నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ గిన్నెలు తోముతూ, చప్పుడు లేకుండా, హాయిగా ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ “తర్వాత” రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఇక నా సంగతి. సూపర్‌వైజరమ్మ ఎదురుపడితే నేను ఇంకో ఏడాది పలకరించలేదు. మన్నించాల్సిన మనిషి ఎప్పుడో మన్నించేసింది. పక్కనున్నదాన్ని, నాకే అంతకాలం పట్టింది.