చెరువుకట్ట కింద ఐదు పిట్టలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. తిరుపతి మొత్తంలో పక్షుల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవారు మా పరిశోధన గైడుగారు ఒక్కరే అనేది మొదటిది. ఆయనకూ పెద్దగా తెలియదనేది రెండోది. (ఆయన ఇప్పుడు లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.) పరిశోధన మొదలుపెట్టి రెండేళ్ళయినా నా నోటుపుస్తకంలో కొంగలూ నీటికోళ్ళూ తప్ప చెప్పుకోదగ్గ పిట్ట వాలలేదు. ఈసారీ కొత్తది చూపించకపోతే సీటు వదులుకోమని గైడుగారు మొహం మీదే చెప్పేశారు. తుఫాను గాలికి సముద్రపు పిట్టలు కొట్టుకొచ్చి లోపలి చెరువుల్లో దిగుతాయని ఎక్కడో చదివిన ధైర్యంతో, ఊరంతా తలుపులు బిగించుకున్న రోజున, రూమ్మేటు రెయిన్‌కోటు అడక్కుండా తొడుక్కుని, బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని పుత్తూరు బస్సెక్కాను.

వడమాలపేట దాటి దిగిన చోట చెరువు అంచుల దాకా నిండి ఉంది. కట్ట తెగితే కింద వరీ మిగలదు, ఇళ్ళూ మిగలవు. మగవాళ్ళంతా ఇసుక మూటలు మోస్తున్నారు. నాకు మాత్రం కట్ట బయటివైపు, అడుగున బురదలో, నారింజ రంగు కాళ్ళ పిట్టలు ఐదు కనిపించాయి. ముక్కుతో రాళ్ళు తిరగేసి పురుగులు ఏరుకుంటున్నాయి. టర్న్‌స్టోన్! సముద్రపు ఒడ్డు వదలని పిట్ట! తొందరలో బైనాక్యులర్ సరిగా తిప్పక ఐదూ పదయ్యాయి. అటుగా మూటలతో వస్తున్న ఇద్దరిని చెయ్యెత్తి ఆపి, ఈ మూలకు ఎవరూ రావద్దనీ, అవతలి కొసకు పొమ్మనీ గంభీరంగా చెప్పాను. నా వేషం చూసి ఇంజనీరనుకున్నారు కాబోలు, మూటలతో అటే వెళ్ళిపోయారు. నేనూ కాదనలేదు. ముప్పావుగంట అక్కడికి పురుగును కూడా రానివ్వలేదు, పిట్టలు తినే పురుగులు తప్ప.

చివరికి నీరుగంటి పెద్దాయన వచ్చాడు. పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలేది, కట్టను కనిపెట్టుకుని ఉండేది ఆయనే. ఏం చూస్తున్నారని అడిగితే గర్వంగా పిట్టల్ని చూపించి, అలికిడి చెయ్యొద్దన్నాను. ఆయన కాసేపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఇంత చెరువు పెట్టుకొని అవి ఆడనే ఎందుకు తింటాండాయి సార్?"

అదెంత ప్రశ్న అనుకుని నోటుపుస్తకం తీసి చదివాను. 'మట్టినీళ్ళు నేలలోంచి ఉబుకుతున్నాయి. పురుగులు పుష్కలం.' చదువుతూ చదువుతూ నాకే అర్థమైంది, ఆ నీళ్ళు కట్టను అడుగున తొలుచుకుని వస్తున్నాయని. నేను పూర్తిచేసేలోపే పెద్దాయన, ఊట పడిందని, మూటలు ఈడికి తెమ్మని కేకలేస్తూ పరుగెత్తాడు. పిట్టలు లేచిపోయాయి. పొద్దుగూకే దాకా నేనూ మోకాళ్ళ లోతు బురదలో మూటలు మోశాను. ఎలాగో ఊట ఆగింది, కట్ట నిలిచింది.

గైడుగారు నా మాట నమ్మలేదు. ఇంకో సాక్షి సంతకం కావాలన్నారు. వారం తర్వాత కాగితం పట్టుకుని నీరుగంటి ఇంటికెళ్ళాను. ఆయన మజ్జిగ ఇచ్చి, కాగితంలో ఏముందో చదివించుకుని, తల అడ్డంగా ఊపాడు.

"పిట్టల్ని నేను సరిగా సూడలేదు సార్, వాటి కాళ్ళకింద నీళ్ళు సూసినా. ఊట కనిపెట్టింది మీరేనని ఊర్లో అందరికీ చెప్పినా. నాకు ఆ ఒక్క అబద్ధం చాలు."

ఆ ఐదు పిట్టలూ నా థీసిస్‌లోకి ఎక్కలేదు. గైడుగారు మాత్రం తిట్టి తిట్టి ఇంకో ఏడాది గడువిచ్చారు. ఇప్పటికీ తుఫాను పట్టినప్పుడల్లా అప్పటి నేననే ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. మూటలు మోసేవాళ్ళను వాడు చెయ్యెత్తి ఆపిన తీరు గుర్తొచ్చిందంటే, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.