రెండూ ఉన్నాయమ్మా

ఎల్బీ నగర్ స్కాన్ మేడమ్ పోయి నెల దాటింది. గుండెపోటట. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో క్లాసు ముగించి ఫోను చూసుకునేసరికి మెసేజ్ ఉంది. చేతికంటిన సుద్ద కూడా కడుక్కోకుండా స్టాఫ్ రూములో కూలబడ్డాను. అప్పటికి నాకు నాలుగో నెల. ఐదో నెల స్కాన్ తానే చేస్తానని మాటిచ్చిన మనిషి.

ఆమెది గుంటూరు వైపు. ఇన్నేళ్లు ఇక్కడున్నా యాస మారలేదు. జెల్ సీసాను అరచేతుల మధ్య పట్టుకుని, చల్లదనం తగ్గాకే కడుపు మీద పోసేవారు. కాసేపటికి తెర వెనక నుంచి ఒక మాట బయట బెంచీ దాకా వినిపించేది: "రెండూ ఉన్నాయమ్మా." బిడ్డకు రెండు కిడ్నీలూ ఉన్నాయని. "గుండె సంగతి అందరూ అడుగుతారు. పాపం, వీటి గురించి ఎవరూ అడగరు" అనేవారు. బెంచీ మీదున్నవాళ్లం ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం.

మూడేళ్ల కిందట నా వంతు వచ్చినప్పుడు ఆ మాట రాలేదు.

ఉమ్మనీరు తక్కువుందని అంతకు ముందే వేరే చోట చెప్పారు. ఇంట్లో అందరూ నీళ్లు తాగమన్నారు. తాగాను, రోజుకు మూడు కొబ్బరి బొండాలు, ఆపైన బిందెడు నీళ్లు. నా తెలివి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. నేను జువాలజీ లెక్చరర్ని. పిండానికి కిడ్నీలు మూడు జతలు వస్తాయనీ, మొదటి రెండూ వచ్చి కరిగిపోతాయనీ, మూడోది నడుము కింద పుట్టి పైకి పాకి నిలబడుతుందనీ ఏటా పిల్లలతో వల్లె వేయిస్తాను. ఉమ్మనీరు ఎక్కడిదో కూడా ఆ పాఠంలోనే ఉంది. అయినా బొండాలు తాగాను.

మేడమ్ చాలాసేపు చూశారు. పక్కకు తిరగమన్నారు, కాస్త నడిచి రమ్మన్నారు. పైకి ఎక్కకుండా కిందే ఆగిపోయాయేమోనని పొత్తికడుపు దగ్గర మళ్లీ వెతికారు.

"ఇంకా తాగాల్నా మేడమ్?" అన్నాను.

"నువ్వు తాగితే వచ్చేవి కాదు తల్లీ. అవి బిడ్డ పోయాల్సిన నీళ్లు. కిడ్నీలు రెండూ లేవు."

ఆ నీళ్లు లేనిదే ఊపిరితిత్తులూ ఎదగవు. బిడ్డ బతకదని కూడా ఆమే చెప్పారు, నా చెయ్యి పట్టుకుని, దాచకుండా.

బయట అత్తమ్మ ఏడుస్తోంది. "గ్రహణం నాడు క్లాసుకు పోకు అంటే ఇన్నదా?"

మేడమ్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. "కిడ్నీ కడుపు నిలిచిన ఐదో వారంలోనే మొలకెత్తాలమ్మా. అప్పటికి నెల తప్పిందని మీ కోడలు మీకు చెప్పి కూడా ఉండదు. గ్రహణం ఎప్పుడొచ్చింది?"

"నాలుగో నెలల" అంది అత్తమ్మ. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నా నెత్తిన పడ్డ నిందను దించింది మేడమ్ ఒక్కరే.

తర్వాత ఆ పాఠం చెప్పలేక ఇంకొకరికి అప్పగించాను. తెలిసి మేడమ్ కేకలేశారు. "నీ ముందు కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు రేపు నా కుర్చీలో కూర్చోవాలి. నువ్వు మానేస్తే ఎలా?" మళ్లీ మొదలుపెట్టాను. మూడో జత బొమ్మ దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

నిన్న ఐదో నెల స్కాన్. కొత్త డాక్టరమ్మ చిన్నపిల్ల. జెల్ చల్లగా పడింది. స్క్రీన్ మీద కొలతలు చూసుకుంటూ ఒక్క మాటా మాట్లాడలేదు. అడిగితే, "రిపోర్టులో వస్తుంది" అంది. బయట బెంచీ మీద కాగితం విప్పాను. రెండు కిడ్నీలూ ఉన్నట్టు రాసి ఉంది. ఏడుపు ఆగలేదు.

పక్కనున్న గర్భిణి బెదిరిపోయింది. "ఏమైందక్కా? ఎప్పటి లెక్క ఆ మాట లోపల్నించి ఇనబడలే?"

కళ్లు తుడుచుకుని, "రెండూ ఉన్నాయమ్మా" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

బెంచీ మీదున్న వాళ్లంతా తెర వైపు చూశారు.