ఆపా మెహందీ రంగు

మెహందీ పెట్టినామె అప్పటికీ చెప్పింది, వేళ్ల కొసలు వదిలేద్దామని. వింటేగా! స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అమ్మ చెల్లెలు ఖాలా కూతురి పెళ్లి. అక్క వరసై నేను ఆపా అని పిలిచే ఆ పెళ్లికూతురి కన్నా నా చేతులే ఎర్రగా పండాలని పంతం పట్టి, గోళ్ల దాకా పూయించుకున్నాను. పండాయి కూడా.

పొద్దున్నే బస్టాండు పక్కనున్న ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లాను. జనగామలో నర్సింగులో అప్పుడే చేరాను. నా ఫీజు ప్రభుత్వం కట్టాలంటే అక్కడ వేలిముద్ర పడాలి. మర్నాటితో గడువు సరి. మిషన్ మీద ఏ వేలు పెట్టినా ముద్ర సరిపోలడం లేదనే వచ్చింది.

సెంటర్ నడిపే అన్న నా చేతులు చూసి అడిగాడు.

"పెండ్లి నీదా, చెల్లే?"

"మా ఆపాది."

"మరి గింత మెహందీ నీకెందుకమ్మా? ఒక్క గీత కనవడ్తలేదు. మంచిగ రుద్ది కడుక్కొని రేపు పొద్దుగాల రా."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీదే. పరుపులు కుట్టే మా నాన్న ఆ ఫీజు కట్టలేడు. సర్కారు కడితేనే చదువు, లేదంటే మానేయాలని ఇంట్లో ముందే అనుకున్నాం.

ఏడుపు ముఖంతో ఖాలా ఇంటికొచ్చి సంగతి చెప్పాను. ఖాలా తిట్ల దండకం అందుకుంది. ఆపా మాత్రం నిమ్మకాయలు, తినే సోడా తెప్పించి, నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు ముట్టకే! నీ రంగు పోతది" అని ఖాలా కేక పెట్టింది.

ఆ భయం ఊరికే కాదు. పెళ్లికూతురి మెహందీ ఎంత ఎర్రగా ఉంటే అత్తింట్లో అంత మన్ననని మావాళ్ల నమ్మకం. నిఖా అయ్యేదాకా ఆమెను నీళ్లలో చెయ్యి కూడా పెట్టనివ్వరు.

"పోతే పోనీ, అమ్మీ" అంది ఆపా. "నన్ను ఇంటర్ కాడ ఆపిన్రు. దీన్ని గూడ ఆపుదమా?"

కాసేపటికి ఖాలానే ఇంకొన్ని నిమ్మకాయలు కోసి తెచ్చింది. నిమ్మరసం మంటకు నేను ఏడుస్తుంటే ఆపా రుద్దుతూనే కసిరింది. "ఊకో! పెండ్లి నాది, ఏడ్వాల్సింది నేను."

మర్నాడు అన్ని వేళ్లూ మొరాయించాక ఎడమచేతి ఉంగరపువేలి ముద్ర పడింది. ఆ అన్న నాకన్నా ముందు చప్పట్లు కొట్టాడు. నిఖా వేళకు ఇంటికి చేరాను. ఆపా అత్తగారు కోడలి చేతులు తిప్పి చూస్తూ, "కొసలకు రంగేది?" అంటోంది. ఆపా నా వైపు చూసి నవ్వింది. నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో నర్సును. ఈ ఏడు ఆపాను పట్టుబట్టి దూరవిద్య డిగ్రీలో చేర్పించాను. ఫీజు నా జీతంలోంచే కట్టి, వెంటనే ఫోన్ చేసి చెప్పాను.



"అప్పుడు పోయిన రంగు ఇయ్యాల నాకే అక్కరకొచ్చిందే" అంది ఆపా. ఈసారి ఏడుస్తున్నది తనే.