అత్త స్టీలు డబ్బా

బుధవారీ బజారులో మోమోలు తినడానికి వెళ్ళినప్పుడల్లా మా అత్త సంచిలో ఒక స్టీలు డబ్బా ఉండేది. ప్లేటు రాగానే సగం మోమోలు అందులోకి సర్ది, మూత బిగించాకే తను తినేది. ఆ డబ్బా మావయ్యకి. ఆయన రైలు నడిపే లోకో పైలట్. అందరం బయలుదేరే వేళకే ఆయనకి డ్యూటీ కాల్ వచ్చేసేది.

"ఇంటికెళ్ళేసరికి చల్లారిపోతాయి కదత్తా," అంటే, "ఆయనకి అలవాటేలే," అనేది. వేడివేడి ప్లేటు ముందు పెట్టుకుని డబ్బా సర్దుకునే మనిషిని చూస్తే నాకు చిరాకేసేది.

మావయ్య రిటైరైన వారంలో ముగ్గురం వెళ్ళాం. ప్లేటు వచ్చింది. అత్త మామూలుగానే సగం తీసి డబ్బాలో సర్దేసింది.

"ఎవరికే అవి? నేనిక్కడే ఉన్నాను కదేటి," అన్నాడు మావయ్య.

అత్త ఆయన వంకా, డబ్బా వంకా చూసింది. ఈలోగా ఆయన ప్లేటులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నాలుక చురుక్కుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అచ్ఛా, ఇవి ఇంత వేడిగా ఉంటాయేటి?" అన్నాడు.

అత్త డబ్బా మూత తీసింది. లోపలవి ఇంకా పొగలు కక్కుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఆయన ముందున్న ప్లేటులో వేసింది.