ఆయన పెట్టుకోని చుక్క

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో మా నంద్యాల కాలేజీకి వచ్చే లెక్కల సారు, ఎవరింట్లో పెళ్లయినా పిలుపుల దారి గీసిచ్చేవారు. శుభలేఖ వెనక పిలవాల్సిన ఇంటికో చుక్క పెట్టి, ఏ చుక్కనూ రెండోసారి తాకకుండా అన్నీ తిరిగి బయల్దేరిన చోటికే చేరేలా గీత కలిపేవారు. దాన్ని హామిల్టన్ చక్రం అంటారట. "దీనికి సులువైన సూత్రం ల్యాదప్పా, తిప్పలు పడాల్సిందే," అని నవ్వేవారు. పని అయ్యాక ఆ కార్డు అడిగి తీసుకుని దాచుకునేవారు.

మా అమ్మాయి పెళ్లికీ ఆయనే గీశారు. గడివేముల, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, మళ్లీ నంద్యాల. మా వైపు ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. వాట్సాప్‌లో కార్డు పంపితే లెక్కలోకి రాదు. నేనూ మా ఆవిడా ఒక్క పగల్లో అందరినీ పిలిచి వచ్చాం.

పెళ్లికి సారు రాలేదు. మరుసటి వారం స్టాఫ్ రూములో నిష్ఠూరంగానే అడిగాను.

"ఏంది సార్, దారి గీసిచ్చి మీరే రాకుంటే ఎట్ల?"

"ఇంటికొచ్చి పిల్చలేదు గదప్పా," అన్నారు, కోపమేమీ లేకుండా.

ఆళ్లగడ్డలో ఆయన ఒంటరిగా ఉండే గది, మేం పిలిచిన ఇంటికి రెండు వీధుల అవతలే. ఇన్నేళ్లలో ఏ పెళ్లిలోనూ ఆయన్ని చూసిన గుర్తు లేదని అప్పుడు తట్టింది. సిగ్గుతో తప్పు ఆయన మీదికే నెట్టాను.

"గీసేటప్పుడు మీ ఇంటికీ ఒక చుక్క పెట్టుంటే అయిపోయేది గదా సార్!"

"నా చుక్క నేనే ఎట్ల పెట్టుకుంటానప్పా?"